రశ్మి పాస్ ఇచ్చుడు

రశ్మీ,

ఫోన్ జేస్తే "ఏం లేదత్తా" అని పెట్టేస్తవు. అందుకే నీకు పంపే టిఫిన్ డబ్బాల గీ చీటీ పెడుతున్న.

బాస్కెట్‌బాల్ సీజన్ మొదలై మూడు మ్యాచులైనయి, మూడూ గెలిచిన్రు. నిన్న ఆట అయినంక నాంపల్లిల చాయ్ తాగుకుంట, మీ టీం వెంట తిరిగే సురేందరోళ్లది ఒకటే ముచ్చట. "డిఫెన్స్ జర ఢీలా ఉంది గానీ, రశ్మి మారిందిరా! బాల్ దొరికితే అందరికీ పాస్ ఇస్తుంది. ఈసారి మన బలం గదే" అన్నరు. నేను పక్క టేబుల్ కాడ కూసొని ఇన్న.

నువ్వు పాస్ ఇచ్చుడేంది? చిన్నప్పుడు ఉస్మానియా బిస్కెట్ ఒక్క ముక్క మీ అన్నకియ్యలే. అందరూ బాల్ దిక్కు చూస్తున్నరు, నేను నీ కాలు దిక్కు చూస్తున్న. మూడు మ్యాచుల్ల బాల్ బుట్టల ఎయ్యనీకి ఎడమ కాలు మీద ఒక్కసారన్న ఎగిరినవా? బెంచీ మీద కూసోంగనే మోకాలి మీద టవల్ ఎందుకు కప్పుతున్నవు? వచ్చే నెల స్టేట్ సెలక్షన్లున్నయని నొప్పి దాస్తున్నవా?

ఆదివారం గన్‌ఫౌండ్రీల మా ఇంటికి రా. లిఫ్ట్ బంద్ పెట్టిస్త. మూడో అంతస్తుల నిలబడి నువ్వు మెట్లెక్కుడు చూస్త. ఎక్కలేకుంటే మొదటి మెట్టు మీదనే కూసో. నేనే దిగొస్త, ఇద్దరం దవాఖానకు పోదాం. సురేందరోళ్లకు ఏం చెప్పను.

మీ అత్త