అమ్మ కాల్లో ఇనుము

ఆగస్టు 4, సోమవారం

ఫిబ్రవరిలో అమ్మ కాలి పుండుకు అయస్కాంతం పట్టే కట్టు వేశారు. దానివల్ల స్కాన్ ఆగిపోతుందని మాకు ఒక్కరూ చెప్పలేదు.

నెల్లూరు స్కాన్ సెంటర్లో గౌను వేయించి, మిషన్ గదిదాకా తీసుకెళ్లి, ఒంట్లో లోహం ఏమన్నా ఉందా అని అడిగారు. అమ్మ కట్టు సంగతి చెప్పింది. బయటికి పంపేశారు. లోపల ఇనుము లేదని కట్టు వేసినవాళ్ల దగ్గర్నుంచి లెటర్ తెస్తేనే ఎంఆర్ఐ.

మెడలో నరం నొక్కుకుని అమ్మ కుడిచేత్తో గ్లాసు కూడా పట్టుకోలేకపోతోంది. స్కాన్ లేకుండా ఆపరేషన్ చేయనన్నాడు సర్జన్. ఆలస్యమైతే చెయ్యి తిరిగి రాకపోవచ్చన్నాడు. రొయ్యల షెడ్డులో తలలు తీసే మనిషి ఆమె.

ఆగస్టు 5

ఫిబ్రవరిలో సంతకం పెట్టిన కాగితాలు వెతికి తీశాను. తొమ్మిది పేజీల ఇంగ్లీషు. అప్పుడు మొదటి పేజీ చదివి తొమ్మిదో పేజీలో సంతకం పెట్టాను. అప్పటికే ఏడు నెలలుగా మానని షుగర్ పుండు. కొత్త రకం కట్టు, ఫ్రీ అని, దాన్ని మనుషుల మీద పరీక్షించే ట్రయల్ చూసే హరినాథ్ గారు చెబితే ఇంకేం చదువుతాం?

నేను ఇంటర్ తప్పినదాన్ని. ఫోన్లో ఒక్కో మాటా కొట్టి చూస్తున్నా. సెల్యులోజ్ అంటే పీచు. కొబ్బరినీళ్లలో బాక్టీరియా పెంచితే మీగడలా కడుతుందట. అందులో కంటికి ఆనని ఇనప్పొడి కలిపి ఈ కట్టు చేస్తారు. పైన అయస్కాంతం పెడితే కండ తొందరగా పూడుతుందని వాళ్ల ఆశ.

పీచును ఆవు అరిగించుకుంటుంది. మనిషి ఒళ్లు అరిగించుకోలేదు. ఇనుమును రక్తం వాడేసుకుంటుందని ఒక రీసెర్చ్ పేపర్. డోసు ఎక్కువైతే కణాలు చస్తాయని ఇంకోటి. ఎక్కువ ఎలుకల మీదే చూశారు. ఏడో పేజీలో ఉంది, లాంగ్ టర్మ్ సేఫ్టీ ఇంకా తెలియదని. స్కాన్ మాట మాత్రం ఎక్కడా లేదు. రాయనందుకు వాళ్లను తిట్టాలా, చదవనందుకు నన్ను తిట్టుకోవాలా?

ఆగస్టు 6

ఇలాంటి ఇనుమునే స్కాన్‌లో బొమ్మ బాగా పడాలని కొందరికి నరంలోకి ఎక్కిస్తారట. మరి అమ్మనెందుకు పంపేశారు?

ఆగస్టు 7

హరినాథ్ గారిని కలిశాను. అరుద్దామని వెళ్లాను. కుర్చీ వేసి టీ తెప్పించాడు. కట్టు తీసేశాక లోపల ఏమీ మిగలదన్నాడు. మేమిచ్చిన చిన్న అయస్కాంతాన్నే పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు పెట్టారు కదా అని అడిగాడు. అవునన్నాను.

అయితే లెటర్ ఇచ్చేస్తానన్నాడు. కాలు చూపించమని అడగలేదు.

ఆగస్టు 8, మధ్యాహ్నం, షాపులో

అవునని ఎందుకన్నాను?

కోట ఊళ్లో ఈ రొయ్యల మందుల షాపులో చెరువు నీళ్లు టెస్ట్ చేసేది నేను. ఇక్కడ పాకెట్ మీద ఎకరాకు కేజీ అని ఉంటే రైతు రెండు కేజీలు వేస్తాడు. మా ఓనరూ అదే చెబుతాడు. ఆ బుద్ధే నాకూ పట్టింది. కట్టు వేసి పక్షం రోజులైనా పుండు తగ్గలేదని పాత స్పీకర్ పగలగొట్టి, అరచేతంత అయస్కాంతం తీసి అమ్మ కాలికి రోజంతా కట్టాను. మూడు రోజులు. కట్టు మార్చేటప్పుడు పాత కట్టులో ఓ గోధుమరంగు ముక్క ఊడిరాలేదు. పీకితే రక్తం వచ్చింది, వదిలేశాను. దాని మీదే కండ పూడింది. పుండు మానింది. కట్టువల్లా, నావల్లా, ఏమో.

ఇందాక చెరువు రైతు మునెయ్యన్న చచ్చిన రొయ్యలు తెచ్చాడు. ఏం వేశావన్నా అంటే ఏమీ వెయ్యలేదంటాడు. దాస్తే నేనేం చెప్పగలనని గట్టిగా కసిరాను.

ఆగస్టు 10, ఆదివారం

చర్చిలో అమ్మ కాలు మానిందని సాక్ష్యం చెప్పింది. ఎడమచెయ్యి ఎత్తి. ఇంటికొచ్చాక హరినాథ్ గారితో నేనన్న అబద్ధం చెప్పేశాను. అమ్మ మానిన కాలు తడిమి చూసుకుంది.

"కట్టింది నువ్వు, కట్టించుకునింది నేను. ఆయనకి చెప్పు షారన్. ఆ మిషన్లో పండుకునేది నేను గదమ్మే."

ఆగస్టు 11

వాట్సాప్‌లో లెటర్ వచ్చింది. స్టాంపు, సంతకం. పద్ధతి ప్రకారం వాడారు, లోపల ఏమీ లేదు అని. దీన్ని చూపిస్తే రేపే స్కాన్ అయిపోతుంది. నా నోటిమాట తప్ప ఈ కాగితంలో ఏముంది?

ఫోను బోర్లా పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ చదివాను. పది సార్లు.

ఆగస్టు 12, పంపినదానికి కాపీ

హరినాథ్ గారూ, మీ లెటర్ చెల్లదు. నేను మీకు అబద్ధం చెప్పాను. పెద్ద అయస్కాంతం రోజంతా కట్టాను, ముక్క లోపలే ఉండిపోయింది. మీరు కాలు చూడకుండానే ఏమీ లేదని రాశారు. నా తప్పు నేను రాసిచ్చాను. అమ్మ ఏసుమణి కాలు పరీక్ష చేయించండి. ఇనుము ఉందా, ఎంత ఉంది, స్కాన్ చేయొచ్చా, చేయకూడదంటే ఆ ముక్క ఎవరు తీస్తారు, ఇవన్నీ డాక్టర్ సంతకంతో కావాలి. గురువారం, పద్నాలుగో తేదీ, ఉదయం పదకొండు లోపల.