ముందు దూడ తాగాలి

ఆగస్టు 19, 1962

ఇవాళ రెండోసారి అన్నం వడ్డించుకున్నాను. అత్త చూపంతా నా కంచంలోనే. "ఏడో నెల్లో ఇంతింత తింటే బిడ్డ లావైపోద్ది మే. కాన్పప్పుడు తెలుస్తాది నీకు."

తెలియనీ. చేపల పులుసు ఇంకో గరిటె పోసుకున్నాను. పెద్ద ముక్క ఏరి మరీ వేసుకున్నాను.

పోయిన ఏడు పుట్టింట్లో అమ్మ పెట్టినంతే తిన్నాను. పిడికెడు అన్నం, పల్చటి చారు. బిడ్డ చిన్నగా ఉంటే కాన్పు సుళువని. సుళువుగానే అయింది. పిచ్చుక పిల్లంత ఉన్నాడు. వారం నిలవలేదు. పేరు కూడా పెట్టలేదు వాడికి. అందుకని ఈసారి పుట్టింటికి పంపరట, కాన్పు ఇక్కడేనట. ఆ ఇల్లు అచ్చిరాలేదట. ఇల్లేం చేసింది పాపం!

ఆగస్టు 20

తిన్నది అరిగింది. ఏమీ కాలేదు. ఇవాళా తింటాను.

ఆగస్టు 28

సాయంత్రం కాలవ గట్టు మీద నడిచాను. రెండు వైపులా మొలగొలుకుల వరి నాట్లు. మైపాడు సముద్రం వైపు నుంచి చల్లటి గాలి. తిరిగొచ్చేసరికి అత్త వాకిట్లో నిలబడి ఉంది. "కడుపుతో ఉండే మనిషికి గట్ల మీదేం పని? గాలి సోకితే ఎవురు దిక్కు?"

గాలి సోకడానికే వెళ్లానని చెప్పాను. భోజనం దగ్గర నవ్వాపుకోలేక ఆయనకు పొలమారింది. "పేరుకే సుగుణ" అన్నాడు తర్వాత, చాటుగా. వాళ్లమ్మ ముందు అనడానికి ధైర్యం ఎక్కడిది?

సెప్టెంబరు 6

బర్రె ఈనింది. తెల్లవారుజాము నుంచి మామ కొట్టంలోనే. పెయ్య దూడ. ఇంకా తడి ఆరలేదు, నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోతున్నాయి. మామ మోకాళ్ల మీద కూర్చుని, దూడ మూతి పట్టుకుని పొదుగుకి ఆనించాడు. అత్త జున్నుకని చెంబు పట్టుకుని వస్తే కసిరాడు. ఈ ఇంట్లో అత్తను కసిరే సమయం అదొక్కటే.

"ఆగు! ముందు దూడ తాగాల. ఆ ముర్రుపాలు కడుపులో పడకపోతే నిలవదు. ఎన్నిసార్లు చెప్పాల నీకు?"

అత్త గమ్మున చెంబు పట్టుకునే నిలుచుంది. దూడ తాగాకే మిగిలినవి పిండింది.

మధ్యాహ్నం జున్ను వండింది. బెల్లం, మిరియాలు, ఏలక్కాయ. ఇరుగు పొరుగుకి గిన్నెలు వెళ్లాయి. నా గిన్నె నాకిచ్చింది. రెండో ముద్ద నోట్లో ఉండగా ఆగిపోయాను.

పసుపు పచ్చటి చిక్కటి పాలు. పోయిన ఏడు నాకూ అవే వచ్చాయి. చెడ్డ పాలు, బిడ్డకు పడవు అని అమ్మ మూడు రోజులు పిండించి గోడవతల పోసింది. వాడికి ఆముదం నాకించారు. పంచదార నీళ్లలో గుడ్డ వత్తి ముంచి పట్టారు. వీధిలో గాడిద పాలవాడు కేకేస్తే పిలిచి పోయించారు. గాడిద పాలు పనికొచ్చాయి. నావి పనికిరాలేదు.

జున్ను గిన్నె అలాగే పెట్టేశాను. ఇది కోపమే.

సెప్టెంబరు 7

అడిగేశాను, నా పాలు మాత్రం ఎందుకు పారబోయాలని. బియ్యం చెరుగుతున్న అత్త చేట దించి నా వైపు చూసింది.

"మనిషికీ గొడ్డుకీ పోలికేందిమే? నోరు కడుక్కో."

"మరి గొడ్డు బిడ్డ నిలబడాలి, నా బిడ్డ నిలబడక్కర్లేదా?"

"నేను అయిదుగుర్ని కన్నా. ఎవురికీ పట్టలా ఆ పాలు. నీ మొగుడు లేడా గుండ్రాయిలాగా?"

గుండ్రాయి అరుగు మీద కూర్చుని వింటోంది. అయిదుగురిలో ముగ్గురే ఉన్నారని నేను అనలేదు. నోటిదాకా వచ్చింది.

సెప్టెంబరు 15

చేపలమ్మే పోలమ్మ వచ్చింది. సముద్రం ఒడ్డు మనిషి కదా, వాళ్లలో వేరుగా ఉంటుందేమోనని అడిగాను. గంప దించుకుంటూ పకపకా నవ్వింది.

"మేమూ పిండి పారబోస్తాం తల్లీ. మా అమ్మా అంతే, వాళ్లమ్మా అంతే. నీకెందుకొచ్చిందీ ఆలోచన?"

కాన్పయ్యాక మాత్రం పాలసొర తెచ్చిస్తానంది. ఆ చిన్న సొరచేప తింటే తల్లికి పాలు పడతాయట. పాలు పడటానికి చేప తేవాలి, పడ్డ పాలు గోడకు పొయ్యాలి. బాగుంది వరస.

సరే. నా పక్కన ఎవరూ లేరు. తెలిసిపోయింది కాబట్టి ఇక అడిగేది లేదు.

అక్టోబరు 3

కాళ్లు వాచాయి. ఎడమ వైపు తిరిగి పడుకుంటే కాస్త నయం. లోపల ఈ పిల్లో పిల్లాడో తన్నే తన్నులకు నిద్ర లేదు. తన్ను. బాగా తన్ను. నీకు ముందు ముందు పనికొస్తుంది.

అక్టోబరు 11

మర్చిపోకుండా రాసుకుంటున్నాను, నొప్పుల్లో ఏదీ గుర్తుండదు కనుక. పోయినసారి గుర్తులేకే అన్నిటికీ తలూపాను. ఈసారి బిడ్డ కింద పడగానే నా దగ్గరికే. ఆముదం వద్దు, వత్తి వద్దు, గాడిద అసలే వద్దు. బొడ్డు కోసే కత్తి నీళ్లలో మరగాలి — మంత్రసాని రమణమ్మకు ఇప్పటికే చెప్పాను, "అట్టనేలేమ్మా, దానికేం బాగ్యం" అంది. పాత చీరలు ఉతికి ఎండబెట్టాను. బాలింతకు నీళ్లివ్వరు, గొంతెండిపోతుంది, పొట్ట పెరుగుతుందని భయం వీళ్లకి. పెరగనీ. తాగుతాను. నీళ్లు లేకపోతే పాలెక్కడి నుంచి వస్తాయి? బర్రెకు కుడితి పెట్టకుండా పాలు పితికే మొనగాడు ఈ ఊళ్లో ఉన్నాడా?

ఆయనకు చదివి వినిపించాను. చాలాసేపు తల గోక్కున్నాడు. "నీళ్ల సంగతి నేను చూస్తాలే" అన్నాడు చివరికి. అంతవరకైనా నయం.

అక్టోబరు 30

వాన. మళ్లీ వాన. ఇందుకూరుపేట దారి మునిగిందట. అక్కడి ఆసుపత్రి నర్సమ్మను పిలిపిస్తానన్నాడు ఆయన, ఇక కుదరదు. రమణమ్మ ఒక్కతే.

భయంగా ఉంది. ఈ ఒక్క చోటే రాస్తున్నాను ఆ మాట.

నవంబరు 2

నడుము దగ్గర మొదలైంది. అత్త వేణ్ణీళ్లు పెడుతోంది. మంచి మనిషే ఆమె — ఇందాక నా నడుము రాసింది, గట్టిగా, ఎక్కడ నొప్పో నేను చెప్పకుండానే. ఆమె మీద కోపం ఉంటే సుఖంగా ఉండేది...

నవంబరు 4

ఆడపిల్ల.

చెయ్యి ఆడుతోంది కాబట్టి రాస్తున్నాను. నిన్న పొద్దెక్కాక పుట్టింది. ఏడ్చింది, ఇల్లంతా వినబడేలా. లావుగా ఉంది, అవును, కష్టపడ్డాను, అవును. అత్త చెప్పింది నిజమే. కానీ పిడికిలి చూడు దీనిది!

రమణమ్మ తుడుస్తోంది. అత్త ఆముదం గిన్నెతో వచ్చింది, వేలు ముంచింది కూడా. "ఇటివ్వు" అన్నాను రమణమ్మతో. ఇవ్వలేదు, అత్త మొహంలోకి చూసింది. నేనే లేచి కూర్చుని లాక్కున్నాను. నెత్తురు కారుతోంది, కళ్లు తిరుగుతున్నాయి. పిల్లను రొమ్ముకి ఆనించాను.

"ఏందిమే నువ్వు చేసే పని! ఆ పాలు—"

"ముందు దూడ తాగాల" అన్నాను. మామ గొంతుతోనే వచ్చినట్టుంది ఆ మాట. రమణమ్మకు నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది.

అత్త నవ్వలేదు. ఎర్రబడలేదు కూడా. గిన్నె పట్టుకుని అలా నిలబడిపోయి, మెల్లగా బయటికి వెళ్లిపోయింది.

పాప ముందు వెతుక్కుంది. తర్వాత దొరికింది. అంత బలం ఎక్కడిది దీనికి? ఏడ్చాను. సంతోషంతో ఏడ్చాను, వాడి కోసం కూడా ఏడ్చాను, రెండూ కలిసిపోయాయి.

నవంబరు 5

అత్త పురిటి గదిలోకి రావడం లేదు. బాలింతకు పెట్టే కాయం ముద్ద, వెల్లుల్లి కారం అన్నం రమణమ్మ చేత పంపుతోంది. వండటం మాత్రం మానలేదు. నీళ్లు లేవు. ఆయన తువ్వాలు కింద చెంబు దాచుకుని కిటికీ దగ్గరికొచ్చాడు, కాచి చల్లార్చిన నీళ్లు. దొంగలా అటూ ఇటూ చూస్తున్నాడు. నలుగురు కూలీల చేత పని చేయించే మనిషి! గటగటా తాగాను.

"నాన్న నీ మాట విని నవ్వినాడు" అన్నాడు. "దాంట్లో తప్పేముంది అన్నాడు."

అత్త ఎదురుగానా అని అడిగాను.

"లేదులే. కొట్టంలో."

నవంబరు 6

పాప పసుపెక్కింది. ముందు మొహం, ఇప్పుడు ఛాతీ. కంటి తెల్లగుడ్డు కూడా.

వాడూ ఇలాగే...

ఊరంతా ఒక్క మాటే. పసుపు పాలు తాగింది, పసుపెక్కింది. ఎంత తేలిగ్గా అతికిపోయిందో ఆ మాట! ఎదురింటావిడ గుమ్మంలోకొచ్చి మరీ చెప్పిపోయింది. నేను కూడా ఒక్క క్షణం నమ్మాను. పాప మొహం చూసి, నా పాలు చూసి, నమ్మాను. తర్వాత గుర్తొచ్చింది — వాడు నా పాలు ఒక్క చుక్క తాగలేదు. వాడికెక్కడి నుంచి వచ్చింది పసుపు?

ఎదురింటావిడకు ఈ మాట కిటికీలోంచి అరిచి చెప్పాను. బాలింత అరవకూడదట. అరిచాను.

నవంబరు 7

ఆయన కూడా. "ఒక్క చుక్క ఆముదమే కదా సుగుణా. అమ్మ మనసు కోసం."

ఎవరి మనసు కోసమూ నా పిల్ల కడుపులోకి ఏదీ పోదు. అలాగే చెప్పాను. మొహం వేలాడేసుకుని వెళ్లాడు. అయినా మధ్యాహ్నం చెంబు వచ్చింది.

వీధిలో గాడిద పాలవాడి కేక. అత్త అతన్ని ఆపడం విన్నాను. లేచి తలుపు గడియ వేశాను. రమణమ్మ కొడితేనే తీస్తాను.

నవంబరు 8

వాన తెరిపిచ్చింది. కిటికీ తెరిచి, లేత ఎండలో పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రమణమ్మ వద్దనలేదు. పాప తాగుతోంది, తడుపుతోంది, మళ్లీ తాగుతోంది. వాడు చివర్లో తాగేవాడు కాదు. వత్తి పెదవుల మీద పెడితే చుక్క పక్కకు కారిపోయేది. దీనికి చనుబాలు అందకపోతే కోపం. ఆ కోపం ఉన్నంతసేపూ నాకు ధైర్యం.

కంటిలో పసుపు తగ్గిందా? తగ్గినట్టే ఉంది. రేపు దీనికి ఏడో రోజు. వాడు పోయింది ఏడో రోజే. అందరూ లెక్క పెడుతున్నారు, ఎవరూ పైకి అనడం లేదు.

నవంబరు 9

పొద్దున్నించీ ఇంట్లో చప్పుడు లేదు. మామ దగ్గు కూడా కొట్టంలోకి వెళ్లి దగ్గుతున్నాడు.

మధ్యాహ్నం తలుపు బయట ఎవరో చతికిలబడిన చప్పుడు. గాజులను బట్టి అత్త అని తెలిసింది. అనాల్సిన మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి.

"తాగతా ఉండాదా?"

తాగుతోంది అన్నాను.

కొట్టంలో పెయ్య దూడ అరిచింది. రెండు నెలలకే ఎంత ఎదిగిందో, పలుపు తెంపుకుంటోంది.

"మీ మామ ఆ మాట అంటా ఉంటే, నేను ఈ ఇంటికొచ్చిన కాడ్నించీ ఇంటానే ఉండానమ్మే. ప్రెతి ఈతకీ అంటాడు. ప్రెతి ఈతకీ చెంబు పట్టుకోని నిలబడతా, దూడ తాగిందాకా. ఒక్కనాడూ నాకు తట్టలా."

పాపను ఇంకో రొమ్ముకి మార్చుకున్నాను.

"నడిపోడు మూడు దినాలే బతికినాడు. వాడి తర్వాత ఆడపిల్ల, దానికి జుట్టు ఎంతుండిందో. ఇద్దురికీ నా చేత్తోనే పిండి పోసినా గోడకి. మా అత్త చెంబు పట్టుకుంటే..." ఆగింది. "నువ్వు చెప్పేది తప్పయితే బాగుండు మే. నీది తప్పని ఎవురన్నా చెప్తే బాగుండు. నువ్వు చెప్పిందే నిజమైతే, నా పిల్లకాయలిద్దురూ..."

నాకు తెలియదు అత్తా — ఆ పాలు తాగితే వాళ్లు బతికేవాళ్లో లేదో, వాడు బతికేవాడో లేదో, నాకూ తెలియదు. నన్ను గెలిపించమని దేవుణ్ణి అడిగాను ఇన్నాళ్లూ. గెలిస్తే ఆమెకు ఏమవుతుందో ఆలోచించలేదు.

పాపను ఎత్తుకునే లేచి గడియ తీశాను.

గోడకు ఆనుకుని కూర్చుంది. తలెత్తలేదు. ఆముదం గిన్నె ఒళ్లోనే ఉంది, రెండు చేతులతో పట్టుకుని ఉంది. లోపలికి రా అత్తా అన్నాను. రాలేదు. వెళ్లిపోనూ లేదు. గుమ్మంలోనే ఆమె పక్కన కూర్చున్నాను, పురుడని కూడా చూడకుండా. పాప తాగుతూనే ఉంది. అత్త ఆ చప్పుడు వింటోంది.