యాదన్న ముట్టని బండి

ఆగస్టు 1998, ఆదివారం

కొత్త బండికి మొదటి సర్వీసు నేనే చేసుకుందామని ఆయిల్ డబ్బాతో కొండాపూర్‌లో మెకానిక్ యాదన్న షెడ్డుకు వెళ్ళాను. నాకు స్పానర్ పట్టడం నేర్పింది ఆయనే.

"జర ఆగు తమ్మీ. మనం నట్టు ఇప్పితే గ్యారంటీ పోతది. షోరూముకే తీస్కపో."

"కంపెనీ కాగితానికి నువ్వు గూడ భయపడితే ఎట్లన్నా?" అని అరిచాను.

"నీ కరపత్రాలు ఇంజనుకు సదివి ఇనిపియ్, అదే బాగైతది," అని, శ్రమ గురించి నేను పంచే కరపత్రాలను ఎత్తిపొడుస్తూ నవ్వాడు.

షోరూములో బండి విప్పేది అద్దానికి అవతల, మనం నిలబడేది ఇవతల. శ్రమ గురించి అంత చదివి, రేపు అక్కడే ఫ్రీ సర్వీసు కూపన్ చింపి ఇస్తానేమో! యాదన్న పక్కన గొంతుక్కూర్చుని, ఒకే మసిగుడ్డకు ఇద్దరం చేతులు తుడుచుకోవాలని ఎంతగా ఉందో. ఏడాది గ్యారంటీ తీరాక ఆయనతోనే విప్పుదామంటే, రోడ్డు వెడల్పుకు కూల్చాలని మున్సిపాలిటీ వాళ్ళు షెడ్డు గోడ మీద ఎర్ర గీత గీసి వెళ్ళారు.