మామయ్య కొనిపెట్టిన డ్రయ్యర్

మామయ్యకి నమస్కారాలు.

ఇక్కడ వాన తెరిపివ్వడం లేదు. అమ్మ పోయి మూడు నెలలైంది. నేను లాండ్రీ నడుపుతున్నాననే కంటే, లాండ్రీయే నన్ను ఈడుస్తోందనడం సబబు. ఫోనులో నీకు నా గొంతు వినపడదు కాబట్టి రాస్తున్నాను.

ఎండలున్నన్నాళ్ళూ డాబా మీద ఆరేసి నెట్టుకొచ్చాను గానీ, నువ్వు అమ్మకి కొనిపెట్టిన డ్రయ్యర్ బట్టలు ఆరబెట్టడం లేదు. తిరుగుతుంది, గురక పెడుతుంది. మూడు గంటల తర్వాత తలుపు తీస్తే దుప్పట్లు ఏడ్చి లేచిన మొహాల్లా చెమ్మగా ఉంటున్నాయి. వృద్ధాశ్రమానికి రోజూ నలభై దుప్పట్లు నాలుగింటికల్లా చేర్చాలి. అక్కడి పెద్ద నర్సు నిన్న ఒక దుప్పటి తడిమి చూసి, "మీ అమ్మ పంపినవి వెచ్చగా ఉండేవి. ఇవి పరిస్తే ముసలివాళ్ళు మంచాన పడతారు. నెలాఖరు దాకా చూస్తాను, తర్వాత వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను" అంది. ఆశ్రమం పని పోతే మన లాండ్రీకి తాళమే.

అప్పట్లో నేను పగలంతా బట్టల కొట్లో ఉండేదాన్ని. ఇంటికొచ్చేసరికి దుప్పట్లు వెళ్ళిపోయి ఉండేవి. ఇదే మిషన్‌తో అమ్మ ఎలా నెగ్గుకొచ్చింది? నలభై ఏళ్ళు మిషన్లు బాగుచేసినవాడివి, నువ్వే చెప్పాలి.

నీ మేనకోడలు

తా.క.: వారం నుంచి నేనూ తడిబట్టలే కట్టుకుంటున్నాను. ఒంటిమీదే త్వరగా ఆరుతున్నాయి. మిషన్ కంటే నేనే నయం.

*

అమ్మడికి మామయ్య దీవెనలు.

కంగారు పడకు. పది మిషన్లలోంచి చెవి ఆనించి విని మరీ దాన్ని ఏరాను. అప్పటికి నా చెవులు పనిచేసేవి. దానికి రోగమేమీ లేదు, ఊపిరాడటం లేదంతే. తలుపు దగ్గర జాలీలో నూలు పీచు పేరుకుంటుంది, తీసెయ్యి. వెనక గాలి గొట్టం మెలికపడిందేమో చూడు. గొట్టం ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. బయట దాని మూతి దగ్గర ఎవరినైనా చెయ్యి పెట్టమను, గాలి జోరుగా రావాలి.

మీ మామయ్య

తా.క.: మీ పెద్దమ్మని మాత్రం సలహా అడగకు. లాడ్జి నడిపినంత మాత్రాన మిషన్లు తెలిసిపోవు. తొమ్మిదేళ్ళ కిందట నేను దీన్ని బండి మీంచి దించుతుంటే, నడివీధిలో నిలబడి, "పాత ఇనుము కొనే తెలివి మీ అన్నయ్యకే ఉంది" అని మీ అమ్మతో అంది. ఆ రోజు నుంచి మీ అమ్మ తోడికోడలితో మాటలు మానేసింది. చెల్లెలంటే అదీ.

*

మామయ్యకి నమస్కారాలు.

జాలీలో దిండుకి సరిపడా పీచు వచ్చింది. నీ ఉత్తరం తెచ్చిన పోస్ట్‌మన్‌నే గొట్టం మూతి దగ్గర నిలబెట్టాను. పాపం, గొడుగు కింద పది నిమిషాలు చెయ్యి పెట్టి, "గాలి జోరుగానే ఉందమ్మా, వేడే లేదు. మా ఆఫీసరు పలకరింపులా ఉంది" అన్నాడు.

తర్వాత గొట్టం పొట్టిగా ఉండాలన్నావు కదా అని కత్తితో కోశాను. ఇప్పుడది గోడదాకా అందడం లేదు. ఆవిరంతా గదిలోకే వస్తోంది. గోడలకి చెమట పట్టింది. అమ్మ ఫోటో అద్దం రోజుకి రెండుసార్లు తుడుస్తున్నాను.

వేడి లేదంటే కాయిల్ పోయినట్టు కాదా?

నీ మేనకోడలు

తా.క.: ఆశ్రమంలో ఒక తాతగారు దుప్పటి వద్దని పేపరు కప్పుకుని పడుకున్నాడట. పొద్దున్నే అందరూ ఆయన చుట్టూ చేరి వార్తలు చదువుకున్నారు.

*

అమ్మడికి మామయ్య దీవెనలు.

గొట్టం పొట్టిగా ఉండాలన్నాను గానీ, గోడదాకా పోకూడదన్నానా? కొత్తది కొని బిగించు.

కాయిల్ జోలికి పోకు. కాయిల్ బాగానే ఉంటుంది. వెనక రేకు విప్పావంటే మళ్ళీ బిగించడం నీవల్ల కాదు. నువ్వు కుక్కి కుక్కి వేస్తున్నావేమో, పదేసి దుప్పట్లే వెయ్యి. ఉతికే మిషన్ సరిగ్గా పిండుతోందో లేదో కూడా చూడు.

మీ మామయ్య

తా.క.: వానలో తిరిగి తిరిగి చేతులు కొంకర్లు పోయిన మనిషికి ఏ గాలైనా చల్లగానే ఉంటుంది. పోస్ట్‌మన్ సాక్ష్యం చెల్లదు.

*

మామయ్యకి నమస్కారాలు.

కొత్త గొట్టం వేశాను. దుప్పట్లు పదేసి వేశాను, తర్వాత ఐదేసి. చివరికి ఒక్క చేతిరుమాలు వేశాను. అది లోపలెక్కడో అతుక్కుపోయింది. వెతికి వెతికి పట్టుకుంటే, ఇంకా తడిగానే ఉంది.

నిన్న పదహారు దుప్పట్లే ఇవ్వగలిగాను. పెద్ద నర్సు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లోపం మిషన్‌ది కాదేమో మామయ్యా, నాదేనేమో. అమ్మ చేతి పనితనం నాకు అబ్బలేదు. గురువారం ఎలక్ట్రీషియన్ వచ్చి వెనక రేకు విప్పుతానన్నాడు. అతనూ పెదవి విరిస్తే, "మావల్ల కాదు" అని నర్సుకి నేనే చెప్పేస్తాను.

నీ మేనకోడలు

తా.క.: లాడ్జి ముందు నుంచి వెళ్తుంటే పెద్దమ్మ నా గంపలోకి తొంగిచూసి మొహం తిప్పుకుంది. దుప్పట్లతో కూడా మాటల్లేనట్టుంది.

*

అమ్మడూ,

ఎలక్ట్రీషియన్‌ని రానివ్వకు. వాడు చెప్పేదేదో నేనే చెబుతాను.

అందులో రెండు కాయిల్స్ ఉంటాయి. కొన్న నెలకే రెండూ కాలిపోయాయి. ఆ కంపెనీ అప్పటికే మూతపడింది, కాయిల్ ఎక్కడా దొరకలేదు. మీ పెద్దమ్మ మాటే నిజమైందని ఒప్పుకోలేక, బాగుచేశానని మీ అమ్మతో అబద్ధమాడాను. మీ అమ్మ నమ్మిందనుకున్నాను.

పోయే ముందు ఆసుపత్రిలో నాకు చెప్పింది. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి లాడ్జి వెనక తలుపు దగ్గరికి గంప మోసుకెళ్ళేదట. తొమ్మిదేళ్ళూ దుప్పట్లు ఆరింది మీ పెద్దమ్మ డ్రయ్యర్‌లోనే. "నీ మిషన్‌ని నా నోటితో తక్కువ చెయ్యను అన్నయ్యా. పిల్లకీ చెప్పకు" అంది. సరేనన్నాను. ఆ మాట కోసం నీచేత గొట్టం కోయించాను.

నీ చేతిలో ఏ లోపమూ లేదమ్మా. వెనక తలుపు దగ్గరికి వెళ్ళు.

మీ మామయ్య

తా.క.: జాలీ సంగతి మాత్రం నిజం. ఏ మిషన్‌కైనా అది శుభ్రం చెయ్యాల్సిందే.

*

మామయ్యకి నమస్కారాలు.

గంప ఎత్తుకుని వెళ్ళాను. తట్టకముందే తలుపు తెరుచుకుంది. పెద్దమ్మ గంప లాక్కుని మొదటి వాయి దుప్పట్లు మిషన్‌లో వేసింది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. నలభై నిమిషాలకి ఆగింది. ఒక దుప్పటి తీసి రెండు కొసలు నా చేతిలో పెట్టింది. దుప్పటి ఒక్కరివల్ల మడతపడదు కదా. దూరం జరిగాం, దగ్గరికి నడిచాం, మళ్ళీ దూరం జరిగాం.

పదో దుప్పటి దగ్గర నోరు విప్పింది. "మూడు నెలలుగా ఈ వేళకి గడియ తీసే ఉంచుతున్నానే. మాట్లాడకూడదన్నది మీ అమ్మ షరతు. నేను పిలిస్తే ఓడిపోయినట్టేగా."

"మరి తొమ్మిదేళ్ళు మీరిద్దరూ ఏం చేశారు పెద్దమ్మా?"

"మడతలు పెట్టాం."

అని దుప్పట్లో మొహం దాచుకుంది. ఆ ఒక్కటీ మళ్ళీ ఆరబెట్టాల్సి వచ్చింది.

నాలుగింటికి నలభై దుప్పట్లూ ఇచ్చాను. పెద్ద నర్సు పై దుప్పటి మీద కాసేపు చెయ్యి ఉంచి, "రేపు కూడా ఇదే వేళకి" అంది. నెలాఖరు ఊసెత్తలేదు.

నీ మేనకోడలు

తా.క.: నీ మీద పెద్దమ్మ కోపం అలాగే ఉంది. నీ మిషన్‌ని పాత ఇనుముకి వేసేయనా అని అడిగాను. "వద్దు, అక్కడే ఉండనీ. చోటు ఖాళీ అయిందని తెలిస్తే మీ మామయ్య ఇంకోటి తెస్తాడు" అంది.