మైకులో విన్న సంగతి

ఏవండీ,

లేపడానికి మనసొప్పలేదు, డ్యూటీకి వెళ్తున్నాను. ఫ్లాస్కులో ఉప్పునీళ్ళు ఉన్నాయి, మూడుసార్లు పుక్కిలించండి. జావ పొయ్యి మీద ఉంది. డాక్టరు రెండు రోజులు గొంతు విప్పొద్దన్నాడు, అందుకే మీ ఫోను నా సంచిలో వేసుకున్నాను. కోప్పడకండి.

నిన్న చర్చిలో మూడు ఆరాధనలయ్యి ఇంటికొచ్చాక, అన్నం తింటారా అని నేనడిగితే చెయ్యి ఊపారు. ఐదు నిమిషాలకి పాటల బృందం అక్క ఫోన్ చేస్తే, వాళ్ళత్తగారి మోకాలి నొప్పికి అరగంట ప్రార్థన చేశారు. ఆ గొంతు అప్పుడెక్కణ్ణుంచి వచ్చిందండీ?

పోనీ, అదీ సరే. ప్రసంగానికి ముందు ప్రతివారం వెనకగదిలో వాంతి చేసుకుంటున్నానని నిన్న మైకులో చెప్పారు. సంఘమంతా కళ్ళు తుడుచుకుంది. పద్నాలుగేళ్ళుగా మీతో కాపురం చేస్తున్నదాన్ని, నేనూ మూడో వరుసలో కూర్చుని అందరితోపాటే విన్నాను. "మీకు ముందే తెలిసుంటుందిగా, పాస్టరమ్మగారూ" అని పక్కనావిడ అడిగితే తలూపాను. చర్చిలో కూర్చుని అబద్ధమాడాను.

సాయంత్రం ఆరింటికల్లా వస్తాను. ఈసారి వాంతి వచ్చేలా ఉంటే ముందు నాకు చెప్పండి.

మరిచిపోయాను. చెమటకి తడిసిన మీ నిన్నటి చొక్కా బకెట్లో నానబెట్టాను. ఉతికి తెస్తానని పాటల అక్క వస్తానంది. ఇవ్వకండి. గొంతు ఎలాగూ వాళ్ళకే పోయింది, ఆ చెమటైనా నాకుండనివ్వండి. ఆవిడొస్తే నోరు విప్పక్కర్లేదు. నాకు ఊపినట్టే చెయ్యి ఊపండి, చాలు.