బావిలో నీ తువ్వాలు

నాయినా,

గుట్ట మీది బోరులో రాతి పగుళ్లు తెరవడానికి కంపెనీవాళ్లు ఎర్రరంగు కలిపిన మందునీళ్లు ఎక్కించారు. పరీక్షేనన్నారు. ఆ మందు రాతి కింద పాకి, నువ్వు తవ్విన మంచినీళ్ల బావిలోకి దిగుతుందేమోనని ఊరంతా భయపడింది. నువ్వు పోయాక ఉతకకుండా దాచుకున్న నీ తెల్ల తువ్వాలును ఎర్రరంగు అంటుతుందేమో చూద్దామని అమ్మ తాడుకు కట్టి బావిలోకి వదిలింది.

"వేరే గుడ్డ లేదా?" అన్నాను.

"ఆయన తవ్విన బాయి. ఆయనే చూసుకోవాలె."

మూడు రోజులకు, ఈ పొద్దున పైకి లాగాం. ఎర్రచుక్క కూడా లేదు. హమ్మయ్య అన్నాను. అమ్మ తువ్వాలును ముఖానికి అద్దుకుంది.

"మీ నాయిన చెమట వాసన పోయిందే," అంది. తర్వాత బిందె నా చేతికిచ్చింది.

"పోనీ, యాడికి పోతది? ఈ నీళ్లల్లనే ఉంటది. జల్దీ తోడు, తాగుదాం."