బ్లాగుకి నా పేరు

2008 ఆగస్టు, గురువారం

ఈరోజు నందిగామ స్కూల్లో నా గుట్టు బయటపడింది. స్టాఫ్‌రూంలో ఎవరూ లేనప్పుడు లెక్కల టీచర్ పద్మగారు మెల్లగా అడిగారు.

"బొల్లి మచ్చల మీద బ్లాగు రాసేది మీరే కదండీ? మీ చెయ్యి చూసి బస్సులో ఒకావిడ పక్కసీట్లోంచి లేచిపోయిందని రాశారు. ఆరోజు నేను వెనకసీట్లోనే ఉన్నా."

రెండేళ్లుగా మారుపేరుతో రాస్తున్నాను. ముక్కూ మొహం తెలియనివాళ్లు కామెంట్లలో ధైర్యం చెబుతుంటే హాయిగా ఉండేది. తెలిసిన మనిషి చదివారనేసరికి సిగ్గుతో చితికిపోయాను.

"ఎవరికీ చెప్పకండి" అన్నాను.

"చెప్పనండీ. మా పాపకీ మెడమీద మచ్చలొచ్చాయి. నెల నుంచి గడప దాటట్లేదు. మీ రాతలన్నీ చదివి, ఆవిణ్ణి ఒక్కసారి చూపించమ్మా అంటోంది" అన్నారు కళ్లు తుడుచుకుంటూ.

ఆదివారం మా ఇంటికి తీసుకురమ్మన్నాను. దాక్కుని రాసే నన్ను చూస్తే ఆ పిల్లకి ధైర్యమెలా వస్తుంది? సాయంత్రం జగ్గయ్యపేటలో బస్సు దిగగానే ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి, మారుపేరు తీసేసి నా పేరు పెట్టాను. మా ఆయనకి ఇంకా చెప్పలేదు. ఏమంటారో...

బీరువా అడుగున పడి ఉన్న పొట్టి చేతుల జాకెట్టు మాత్రం తీసి, ఆదివారానికి ఇస్త్రీ చేసి పెట్టాను.